ఎనిమిది గజాల వంశం

రాయచోటిలో మొగుడు మిషన్ తొక్కుతుంటే పక్కన చాప మీద కూర్చుని కాజాలు కుడుతూ, అంచులు మడుస్తూ పదేళ్ళు గడిపిన మనిషి కుల్సుమ్ బీ. ఆయన పోయాక కువైట్ వచ్చింది. ఫహాహీల్‌లో ఆయిల్ కంపెనీ ఇంజినీరు ఫెర్గస్ సార్ ఇంట్లో పనికి కుదిరి ఆరేళ్ళయింది. ఇంట్లో ఉండేది సారూ, ఆయన భార్య మోరాగ్ మేడమూ, ఇద్దరే. స్కాట్లండ్ వాళ్ళు. పొరపాటున ఇంగ్లీషువాళ్ళంటే సార్‌కు కోపమొచ్చేది.

సార్ ప్రాణమంతా ఒక గుడ్డలో ఉండేది. ఎర్ర గళ్ళ ఉన్ని గుడ్డ, పొడవు ఎనిమిది గజాలు. వెనకంతా కుచ్చెళ్ళు పెట్టి కుట్టి, మోకాళ్ళ దాకా నడుముకు చుట్టుకునేది. కిల్ట్ అనేవాడు. దాని ముందు వేలాడదీసుకోవడానికి మేకతోలు సంచి ఒకటి. ఏడాదికి రెండుసార్లు వాళ్ళ దేశంవాళ్ళంతా కలిసి విందు చేసుకునే రోజున కట్టుకుని, అద్దం ముందు నిలబడి చూసుకుని మురిసిపోయేవాడు.

మొదటిసారి దాన్ని ఇస్త్రీకి ఇచ్చినప్పుడు కుల్సుమ్ బీ కింది అంచు చూసి ముక్కున వేలేసుకుంది. అంత మంచి గుడ్డకు అంచు మడిచి కుట్టనేలేదు. తమ ఊళ్ళో గళ్ళ లుంగీ కట్టే కూలిమనిషి కూడా అంచు కుట్టించుకోకుండా కట్టడు. ఎవరో దర్జీ పని ఎగ్గొట్టాడనుకుని, మధ్యాహ్నమంతా కూర్చుని, కుట్టు పడ్డట్టు కూడా తెలియకుండా చుట్టూ కుట్టిపెట్టింది. సార్ చూశాడు. మొహం కందగడ్డ అయింది.

"దీనికి అంచు కుట్టరు కుల్సుమ్. మగ్గం మీద పడిన అంచే దీని అంచు. మా తాత కట్టింది ఇది."

కుట్టంతా విప్పించి, ఆమెను సోఫా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి వాళ్ళ వంశాల కథ చెప్పాడు. క్లాన్ అంటే వాళ్ళ పాతభాషలో పిల్లలని అర్థమట. వంశపెద్ద తండ్రి, మిగిలినవాళ్ళంతా పిల్లలు. గళ్ళు చూసి ఎవరు ఏ వంశమో చెప్పొచ్చట. రెండువందల యాభై ఏళ్ళ కిందట యుద్ధంలో ఓడిపోయాక రాజు ఈ గుడ్డ కట్టరాదని చట్టం చేశాడట. కడితే జైలు, మళ్ళీ కడితే ఓడెక్కించి ఏడేళ్ళు దేశం దాటించడం. ఓడిపోయిన యువరాజు తలకు కొండంత బహుమతి పెడితే, తిండికి లేనివాళ్ళు అయిదు నెలలు ఆయన్ను గుడిసెల్లో దాచారట. ఒక ఆడమనిషి ఆయనకు పనిమనిషి వేషం వేసి పడవలో దాటించిందట.

"ఒక్కడు నోరు విప్పలేదు. అదీ మా పద్ధతి," అన్నాడు సార్, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని.

తర్వాత వంటింట్లో మేడమ్ నవ్వింది. "సగమే చెప్పాడు. ఆ తండ్రులే తర్వాత గొర్రెలు పెంచితే లాభమని పిల్లల ఇళ్ళకు నిప్పు పెట్టించి ఓడలెక్కించారు. ఫెర్గస్ వాళ్ళ ముత్తాతల కొంప కూడా అలాగే కాలింది. ఆ గళ్ళంటావా, చాలావరకు తర్వాత మిల్లులవాళ్ళు పంచిపెట్టినవే."

"గొర్రెల కోసమా మేడమ్?" కుల్సుమ్ బీ నమ్మలేకపోయింది. "మా ఊళ్ళో గొర్రెలు చేలో పడితే తలలు పగలగొట్టుకుంటారు. గొర్రెల కోసం ఊరు తగలబెట్టడం వినలేదు."

ఆ మాట సార్‌తో అనొద్దంది మేడమ్. ఆమె అనలేదు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. తెల్ల మగవాళ్ళను పట్టుకుని, బాంబులు పడకుండా అడ్డుపెట్టుకోవడానికి తీసుకుపోతున్నారు. సెప్టెంబరు మొదట్లో ఆడవాళ్ళనూ పిల్లలనూ వదిలారు. మేడమ్ ఏడుస్తూ కుల్సుమ్ బీని కౌగిలించుకుంది. "నువ్వు పనిమనిషివి కాదు, మా మనిషివి," అంది. వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి సార్ దాక్కున్న ఆ మూడో అంతస్తు ఇంట్లో పరదాలు తెరవలేదు. తలుపు మీది పేరు పీకేసింది కుల్సుమ్ బీ. కిందికొచ్చి అడిగిన సైనికులకు, దొరలు పోయారు, నేను కావలిదాన్ని అని చెప్పింది. పొద్దునే లేచి క్యూలో నిలబడి బేకరీలో రొట్టెలు తెచ్చేది. ఆ బేకరీలో పనిచేసే మస్తాన్ వలిది కూడా రాయచోటే. ఒక మనిషికి ఇంత అని లెక్క కట్టి ఇస్తున్న రోజుల్లో, ఆమె అడగకపోయినా ఇద్దరికి సరిపడా పెట్టి బుర్ఖా కిందికి తోసేవాడు. తెల్లవాళ్ళను దాచినవాళ్ళకు ఉరి అని రేడియోలో చెప్పారు. ఆ సాయంత్రం కూడా ఆమె సార్‌కు పప్పు చేసిపెట్టింది. ఆయనకు కారం తక్కువ వేయాలి.

తమ ఊరివైపు వాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పక్క వీధిలో కువైటీల ఇంట్లో పనిచేసే రాజంపేట పుష్పలత ఒకరోజు రొట్టెల క్యూలో మోచేత్తో పొడిచింది.

"అక్కా, ఎల్లుండి పొద్దున బస్సు. బస్రా మీద అమ్మాన్‌కి పోతాదంట. ఆడ్నుంచి ఇమానంలో ఊరికే బొంబాయికి తోల్తారంట. ఇదే ఆకరిది అంటాండారు. మా మామా, ఆ ఇంటామె, నన్నొదిలేసి సౌదీకి పాయె. నువ్వెవుర్ని కాపలా కాస్తాండావు ఈడ?"

"పాస్‌పోర్టు లేదు కదమ్మే. కంపెనీ లాకర్లో ఉండాదని మా సార్ చెప్పినాడు."

"చెప్పినాడంట. ఆ కంపెనీలో ఇరాకోళ్ళు దూరి అంతా దోస్తాండారు. కుర్చీలు గూడా మిగల్లేదు." పుష్పలత గొంతు తగ్గించింది. "అది లేకుంటే బార్డర్‌లో దించేస్తారక్కా. మొన్న సుండుపల్లోళ్ళ పాపను దించేసినారు. నీ కూతురికి నెలలు నిండినాయంటివి కదా. నువ్వు బతికుండావో లేదో గూడా తెలీదు ఆ బిడ్డకి."

రెండు నెలలుగా ఫోన్లు లేవు, ఉత్తరాల్లేవు. కూతురు సమీరాకు అది తొలి కాన్పు. ఆ సాయంత్రం కుల్సుమ్ బీ మూడోసారి సార్‌ను అడిగింది. లాకర్లోనే ఉంది కుల్సుమ్, గొడవ ఆగగానే మొదటి పని అదే అన్నాడు సార్, ఇంతకుముందు రెండుసార్లు అన్నట్టే.

మర్నాడు ఎదురు భవనంలో సైనికులు ఇల్లిల్లూ వెతికారు. ఒక తెల్లాయన్ను జీపులో కుక్కారు. గోడమీది ఫోటో వల్ల దొరికిపోయాడని కింది అంతస్తువాళ్ళు చెప్పుకున్నారు. కుల్సుమ్ బీ పైకొచ్చి ఫోటోలన్నీ వంటింటి గిన్నెలో వేసి కాల్చింది. ఇక కిల్ట్ మిగిలింది. కాలిస్తే ఉన్ని కంపు వీధి చివరికి పోతుంది. ఆమె దర్జీ భార్య; ఒక్క నిమిషంలో ఉపాయం తట్టింది.

"కుచ్చెళ్ళు విప్పేద్దాం సార్. పట్టీ, తోలుబిళ్ళలు తీసేస్తే అది దుప్పటి. నేను కప్పుకునే దుప్పటి అంటాను."

"వద్దు," అన్నాడు సార్. "జైల్లో పెట్టినా మావాళ్ళు దీన్ని వదల్లేదు."

"జైలుకు వాళ్ళు పోయారు సార్. ఇక్కడ ఉరి నాకు."

అయితే నేనే తెస్తానని సార్ లేచాడు. ఎందుకో ఆ తొందర ఆమెకు అర్థం కాలేదు. అప్పటికే ఆమె మంచం కిందినుంచి కిల్ట్ ఉన్న పెట్టె లాగి మూత తీసింది. పైన మేకతోలు సంచి. దాని మీది వెండిబిళ్ళ ఊడదీద్దామని లోపల చెయ్యి పెట్టింది. వేళ్ళకు అట్టలాంటిది తగిలింది. నీలంరంగు పుస్తకం. తెరిస్తే లోపల తన ఫోటో, ఆరేళ్ళ కిందటిది, బుగ్గలు నిండుగా.

ఆ పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సార్ వైపు తిరిగింది.

"లాకర్ నుంచి ఎప్పుడు వచ్చింది సార్ ఇది?"

"మొదటి వారంలోనే తెచ్చాను. నీకిద్దామనే." సార్ గోడకు ఆనుకున్నాడు. గడ్డం మాసి, చొక్కా వేలాడుతూ, ఆరేళ్ళలో ఎన్నడూ లేనంత చిన్నగా కనిపించాడు. "తర్వాత భయమేసింది. నువ్వు వెళ్ళిపోతే నేను ఆకలితో చావాలి, లేదా వాళ్ళకు దొరకాలి."

"ఉండమని అడిగారా?"

"అడిగితే వెళ్ళిపోయేదానివి."

కుల్సుమ్ బీ ఆలోచించింది. వెళ్ళిపోయి ఉండేదేమో. ఇంకొకరిని చూసిపెట్టి, చెప్పి వెళ్ళి ఉండేదేమో. ఏ పిచ్చి గడియలోనో ఉండిపోయి ఉండేదేమో కూడా. తాను ఎలాంటి మనిషో తనకే తెలిసే వీలు లేకుండా చేశాడు ఈయన. ఆరు వారాలుగా ఉరికి మెడ ఇచ్చింది తన మంచితనం వల్లనుకుంది. కాదు, దారి లేక.

పాస్‌పోర్టు జాకెట్లో దోపుకుంది. కిల్ట్ తీసి నేలమీద పరిచి, ఒక బ్లేడు తాను తీసుకుని ఇంకొకటి ఆయన ముందు పెట్టింది.

"సగం మీరు విప్పండి. దారం కోయాలి, గుడ్డ కాదు."

ఇద్దరూ చెరో కొసన కూర్చుని సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా విప్పారు. సార్ వేలు రెండుసార్లు తెగింది. ఇరవై ఏడు కుచ్చెళ్ళు. ఒక్కొక్కటీ విడిపోతుంటే లోపల మడతల్లో ఉండిపోయిన ఎరుపు కొత్తదానిలా మెరిసింది; బయటికి కనబడినంత మేరా వెలిసిపోయింది. సార్ ఏడుస్తున్నాడో, ఉన్ని నూగు కళ్ళల్లో పడి నీళ్ళు కారుతున్నాయో ఆమె తల ఎత్తి చూడలేదు. చివరికి దాన్ని తన గదిలో మంచం మీద పరిచింది. చారలు చారలుగా, ఎవరిదీ కాని దుప్పటి.

మర్నాడు పొద్దున ఉన్న బియ్యం, పప్పు, చేపల డబ్బాలు వంటింటి గట్టుమీద వరసగా పెట్టింది. ఎసరు ఎంత పోయాలో చూపించింది. సార్ చిన్నపిల్లాడిలా తలాడించాడు.

"రొట్టెలు ఎవరు తెస్తారు?"

"బేకరీలో మా ఊరాయన, మస్తాన్ వలి. పోయేదారిలో చెప్పి పోతాను. తలుపు రెండుసార్లు కొడతాడు."

"నమ్మదగిన మనిషేనా?" అన్నాడు సార్.

కుల్సుమ్ బీ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గడియ వేసుకోండి," అని మెట్లు దిగింది.

బేకరీ షట్టరు సగానికి దించి ఉంది. మస్తాన్ వలి సూట్‌కేసుకు తాడు బిగిస్తున్నాడు.

"ఖలాస్ అక్కా," అన్నాడు ఆమెను చూసి. "నిన్న సాయంత్రం పిండిమూటలన్నీ మిలిటరీ లారీలో ఏసుకోని పాయిరి. పొయ్యిలో కాల్చేదానికి ఏముండాది, నా తలకాయా? నేనూ మీ బస్సులోనే. నువ్వేంది, పాస్‌పోర్టు దొరికినాదా?"

"దొరికింది."

"మంచి పనాయె. నాతో ఏమన్నా పనుండి వస్తివా?"

"మన వాళ్ళు ఇంకెవరన్నా ఉండారా ఈడ?"

"యాడుండారు. మునాఫ్ వాళ్ళు మొన్ననే పాయిరి. ఈ బజార్లో మనమే ఆకర." సూట్‌కేసు నెత్తినెత్తుకున్నాడు. "ఏం పని అక్కా?"

"ఏం లేదు," అంది కుల్సుమ్ బీ.

బస్సులో పుష్పలత జరిగి కిటికీ పక్కన చోటిచ్చింది. డీజిలు కోసం పోయిన డ్రైవరు ఇంకా రాలేదు. అరగంటన్నా పడుతుందని ఎవరో అన్నారు. సందు మలుపు తిరిగితే ఆ భవనం. మూడంతస్తులు ఎక్కి దిగడానికి పది నిమిషాలు చాలు. ఎవరూ రారని చెప్పి వస్తే, ఆయన తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోకుండా ఉంటాడు. ఉన్న బియ్యం ఎన్నాళ్ళు తినాలో చూసుకుంటాడు.

"ఏంటికక్కా అట్ల లేస్తావు, కూచుంటావు? ఏమన్నా మర్సిపోయినావా ఇంట్లో? పోయి తెచ్చుకోపో, టైముండాది," అంది పుష్పలత.

"మర్చిపోలేదు," అంది కుల్సుమ్ బీ. జాకెట్లో పాస్‌పోర్టు అంచు ఒత్తుకుని నొప్పిగా ఉంది. అయినా తీసి సంచిలో పెట్టుకోలేదు. డ్రైవరు ముప్పావుగంట తర్వాత వచ్చాడు. అంతసేపూ ఆమె బస్సు దిగలేదు.