మొసలి మంత్రసాని

సాంబయ్య ఇసుకలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి గుడ్డును మెల్లగా తిప్పాడు. పెన్సిలు గీత కిందికి పోయింది. రేపు మళ్లీ పైకి వస్తుంది. పక్క గుడ్డు అందుకున్నాడు.

మంథని దగ్గర గోదావరి ఒడ్డున, తాటాకుల కప్పు కింద ఉందా ఇసుక గుంట. నదిలో మొసళ్లు అంతరించిపోతున్నాయని, గుడ్లు నక్కల పాలు కాకుండా తెచ్చి పొదిగించడానికి ఉపేందర్‌రావు అనే శాస్త్రవేత్త వచ్చాడు. ఎంత వెతికినా ఈ ఏడు దొరికింది ఒక్క గూడే. గుడ్లన్నిటికీ గీతలు గీసి గుంటలో పెట్టి, కాపలా కొలువులో పెట్టుకున్న సాంబయ్యకు ఇసుక ఆరనీయవద్దని చెప్పి పట్నం పోయాడు.

సాంబయ్యను నమ్మి అంతకు ముందెవరూ ఏదీ అప్పగించలేదు. మగ్గమెక్కితే పోగులు తెగేవి. సంతకు పంపితే, బేరం మాత్రం చెయ్యొద్దని పెళ్లాం ఐలవ్వ మరీ మరీ చెప్పేది. కోళ్లను పొదగేయడంలో మాత్రం అతని హస్తవాసి మంచిదని వాడకట్టంతా ఒప్పుకునేది. పొదిగే కోడి గుడ్లను తిప్పుతుంది. ఇక్కడ కోడి లేదు కనుక ఆ పని తనదే, తిప్పిన గుర్తుకే సారు గీతలు గీశాడు అనుకున్నాడు. ఊళ్లోవాళ్లు ‘మొసలి మంత్రసాని’ అని ఎగతాళి చేస్తే లోలోపల మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఉపేందర్‌రావు జీపు దిగాడు. పిల్లలు రావలసిన గడువు దాటిపోయింది. ఇసుక తీసి చూస్తే ఏ గుడ్డు మీదా గీత కనబడలేదు. ఒకటి పగలగొట్టాడు. కంపు గుప్పుమంది. అన్నీ అంతే. ఎవరైనా కదిలించారా అని అడిగాడు.

“దినాం నేనే తిప్పిన సారూ. కోడి తిప్పుతది గద” అన్నాడు సాంబయ్య.

ఉపేందర్‌రావు ఇసుకలో కూలబడ్డాడు. మొసలి గుడ్డు పైవైపు చివరిదాకా పైకే ఉండాలనీ, తిప్పితే లోపలి పిల్ల చస్తుందనీ, గీత అందుకేననీ నేల చూస్తూ చెప్పాడు.

“నీకు చెప్పకపోవుడు నా తప్పే. ఎండకు పోయినయని రాస్త. నీ పేరు రాదు.”

తిట్టినా బాగుండేది. సాంబయ్యకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంత ప్రేమగా, రోజూ ఈ చేతులతోనే చంపుకుంటూ వచ్చాడు. పైగా తనకోసం ఆ పెద్దమనిషి అబద్ధమాడబోతున్నాడు. సిగ్గుతో అన్నం సయించలేదు. గుడ్లన్నీ పూడ్చిపెట్టి, గుంట చదును చేసి ఒడ్డెక్కాడు.

మరునాడు ఐలవ్వ వెతుక్కుంటూ వచ్చింది. పెద్దపల్లి బస్సెక్కుతుంటే చూశామని ఎవరో చెప్పారట.

“ఎవ్వలేమన్నరని పోయిండు సారూ?”

“ఎవ్వలేమనలే అవ్వా” అంటూ ఉపేందర్‌రావు తల దించుకున్నాడు.

కప్పు కింద తీగ మీద, కొలువులో ఇచ్చిన ఖాకీ అంగీ ఉతికి, గుండీలన్నీ పెట్టి ఆరేసి ఉంది.