నాన్న వస్తే తాళాలు ఆగవు

నాన్న వీధి మలుపు తిరిగే ముందు ఆగి రెండుసార్లు గట్టిగా దగ్గేవాడు. అది వినగానే ఎవరి సామాను వాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఎందుకంటే ఆయన పక్కనుంచి వెళ్తే చాలు, తాళాలు ఊడిపోతాయి. సైకిలుది, సూట్‌కేసుది, షట్టరుది, ఏదైనా సరే టక్కుమంటుంది, అంతే. కొందరికి దుమ్ము పడదు, ఈయనకి తాళం పడదు. మందుల షాపాయన షట్టరుకి తాడు కట్టుకునేవాడు. తాళంచెవి పారేసుకున్నవాళ్ళయితే నాన్నని చెయ్యి పట్టి లాక్కెళ్ళి టీ కూడా ఇచ్చేవాళ్ళు.

గొడవల్లా ఇంటి తలుపుతోనే. అది వంకర తలుపు. తాళం ఉంటేనే మూసుకుని ఉంటుంది, లేకపోతే దానంతటదే లోపలికి బార్లా తెరుచుకుంటుంది. అందుకని నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ తలుపుకి స్టూలు అడ్డం పెట్టేవాళ్ళు. అది కూతురి డ్యూటీ. ఆ పిల్లని అమ్మమ్మ గొళ్ళెం అని పిలుస్తుంది, ఒకసారి బిగుసుకుందంటే ఎవడూ తియ్యలేడని.

మూడేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం సైకిల్ షాపు తాళం ఊడింది. లోపల ఎవరూ లేరు. నాన్న వెళ్ళాడు. ఎర్ర సైకిలు తెచ్చి, నీకే అన్నాడు. గొళ్ళెం ఐదు రోజులు దాని మీద మహారాణిలా తిరిగింది. ఆరో రోజు స్కూలు గేటు దగ్గర, క్లాసంతా చూస్తుండగా, పోలీసులు పిల్లని దించి సైకిలు పట్టుకుపోయారు. అంతకుముందు నాన్న ఇంకో నాలుగు షాపుల్లోకీ దూరాడని తర్వాత తేలింది. తాళం ఊడటం నీ చేతుల్లో లేదయ్యా, ఒప్పుకుంటాను, లోపల పెట్టిన కాలు మాత్రం నీదేగా అన్నాడు జడ్జి. ఆయనకి మూడేళ్ళు పడింది. గొళ్ళేనికి కూడా పడినట్టే, అది క్లాసులోకి అడుగుపెడితే చాలు వెనక బెంచీ వాళ్ళు ట్రింగ్ ట్రింగ్ అనేవాళ్ళు.

అమ్మ నెలకోసారి జైలుకి వెళ్ళొచ్చి కబుర్లు చెప్పేది. అక్కడా తాళాలు నిలవట్లేదట. గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా నాన్నే లేచి, దగ్గరికి లాక్కుని, పట్టుకుని కూర్చుంటున్నాడట.

"చాల్లే, నువ్వు నమ్మావా?" అనేది గొళ్ళెం.

క్రిస్మస్‌కి వారం ముందు నాన్నని వదిలేశారు. అమ్మ ఇస్త్రీ చేసే లాండ్రీలోనే బట్టలు ఉతికే పని దొరికింది. అక్కడ తాళం వేసేదేం లేదు కాబట్టి ఓనరు సరేనన్నాడు, పడుకోవడానికి వెనక గది కూడా ఇచ్చాడు. పండగ పూట భోజనానికి పిలవనా అని అమ్మ అడిగింది.

"ఆయన గడప లోపలికొస్తే నేను బయటికి పోతా."

అమ్మ ఆ మాట ఉన్నదున్నట్టు వెళ్ళి చెప్పింది. సరే, అది తలుపు తీస్తేనే వస్తా, తియ్యకపోతే కాసేపు మెట్ల మీద కూర్చుని పోతా అన్నాడట.

పండగ రోజు చర్చినుంచి వచ్చి అమ్మ కేకు మీద క్రీము రాస్తోంది. రెండు దగ్గులు వినపడ్డాయి. అమ్మ చెయ్యి ఆగిపోయింది. గొళ్ళెం లేచి తలుపుకి తాళం తిప్పి, సర్దుకున్న బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. మెట్ల మీద అడుగులు. తర్వాత టక్.

ఇదిగో, ఇప్పుడు తెరుచుకుంటుంది, వచ్చేస్తాడు, నేను పోతా అనుకుంది గొళ్ళెం. కానీ తలుపు కదల్లేదు.

భోజనాలయ్యాయి. అమ్మ తినలేదు. బయట ఈదురుగాలి, కిటికీలు దడదడమంటున్నాయి, కిటికీకి కట్టిన నక్షత్రం గిరగిరా తిరుగుతోంది. తలుపు మాత్రం గోడలా ఉంది. స్టూలు పెట్టారా అంటే, అది మూలన క్రిస్మస్ చెట్టు కుండీ కింద ఉంది.

"వెళ్ళిపోయాడేమోనే," అంది అమ్మమ్మ.

వెళ్ళిపోతే తలుపు తెరుచుకోవాలిగా. గొళ్ళేనికి అప్పుడు వెలిగింది. బ్యాగు దించి వెళ్ళి, పిడి పట్టుకుని కొంచెం లాగింది. ఇంత సందు వచ్చింది. అవతల్నుంచి ఎవరో మెల్లిగా లాగి మళ్ళీ మూసేశారు.

"ఎప్పట్నించి పట్టుకున్నావు?" అడిగింది.

"వచ్చినప్పట్నించీ." గొంతు వణుకుతోంది, చలికి.

"మూడు గంటలా? లోపలికి రావచ్చుగా. తాళం ఊడిపోయిందిగా."

"ఊడింది. నువ్వు తియ్యలేదుగా."

గొళ్ళెం పిడి వదిలి ఒక అడుగు వెనక్కి వేసింది.

"వదులు," అంది.

"వదిల్తే తెరుచుకుంటుందమ్మా."

"తెలుసు. వదులు."

వదిలాడు. తలుపు బార్లా తెరుచుకుని గోడకి కొట్టుకుంది. గాలి మొత్తం ఇంట్లోకొచ్చింది. నాన్న గడప అవతలే నిలబడ్డాడు. చేతులు ఎర్రగా కందిపోయాయి, వేళ్ళు ఇంకా పిడి పట్టుకున్నట్టే వంకరపోయి ఉన్నాయి. గొళ్ళెం ఆ వేళ్ళ వంకే చూసింది. తర్వాత విసవిసా మూలకి వెళ్ళి, చెట్టుని నేల మీద దించి, స్టూలు ఎత్తుకుంది.

అది చూసి నాన్న ఒక మెట్టు కిందికి దిగాడు.

గొళ్ళెం స్టూలుని ఈడ్చుకెళ్ళి బల్ల దగ్గర వేసింది, తన కుర్చీ పక్కనే.

"కూర్చో. ట్రింగ్ ట్రింగ్ అన్నవాళ్ళందరి పేర్లూ చెప్తా, వినాలి. అన్నీ."

"వింటా," అన్నాడు నాన్న. కుడికాలు ముందు పెట్టి, దాని వంక ఒకసారి చూసుకుని, లోపలికొచ్చాడు.

అమ్మమ్మ దుప్పటి తల మీదుగా కప్పుకుని, చలికి చచ్చేలా ఉన్నాను, త్వరగా కొయ్యండి ఆ కేకు అంది. తలుపు వెయ్యమని మాత్రం అనలేదు.