కింది పెదవి

చిన్నరాములు ఐదో రాడ్డును గుడ్డ సంచిలోంచి తీసి, రెండు ముక్కలూ కలిపి, ఒక కన్ను మూసి దాని పొడవునా చూశాడు. తొమ్మిది రింగులూ ఒకే వరసలో ఉన్నాయి. డబ్బాలోంచి చిటికెడు దూది తీసి పోగులా నులిమి, ఒక్కో రింగులోంచీ లాగాడు. రింగులో వెంట్రుకంత పగులున్నా దూది అక్కడ పట్టుకుంటుంది. ఎక్కడా పట్టుకోలేదు.

తర్వాత లైను ఎక్కించి, గోడవారనున్న ఇసుక సంచికి కట్టి, రాడ్డును మెల్లగా పైకెత్తాడు. కొనవైపు మూడో వంతు మాత్రమే వంగింది. కింది భాగం కర్రలా నిలిచింది. అలా నిలవాలి. గడ్డిలో దూరిన చేపను బయటికి లాగేది ఆ కింది భాగమే.

ముత్తంగి జంక్షన్ దాటాక సర్వీసు రోడ్డు పక్కన, టైల్స్ గోడౌన్‌కీ అట్టపెట్టెల షెడ్డుకీ నడుమ ఉంది ఆ రేకుల షెడ్డు. ఓడలో వచ్చిన గాలం రాడ్లూ, రీళ్లూ, లైన్లూ అక్కడ దిగుతాయి. ఫోన్లో ఆర్డర్లు పెట్టేవాళ్లకు అక్కణ్ణుంచే వెళ్తాయి. పెట్టెల మీద నోరు తెరుచుకున్న పచ్చని చేప బొమ్మ ఉంటుంది. దాని పేరు బాస్. అది మంజీరలో దొరికే చేప కాదు. ఇక్కడివాళ్లు ఆ రాడ్లతో కొర్రమట్టల్ని పడతారు. రెండూ గడ్డి చాటున నక్కి, గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పను చూసి ఒక్కసారిగా మీద పడేవే కాబట్టి సామాను సరిపోతుంది.

ఆ రోజు సాయంత్రం వ్యాన్‌కి ఇరవై నాలుగు సెట్లు వెళ్లాలి. ఆదివారం ఎవరిదో సొంత చెరువులో పోటీ పెట్టుకున్నారు. వాళ్లు అడిగింది ఏడడుగుల మెత్తటి రాడ్డు, సన్న లైను. దూరం పడుతుందని వాళ్ల లెక్క. ఓనరమ్మ నిహారిక ఆ ఆర్డరు చదివి వినిపించినప్పుడు చిన్నరాములు, "చెర్వు ఫోటో ఉన్నదా మేడం?" అని అడిగాడు. ఆమె ఫోన్ తిప్పి చూపించింది.

"నీళ్లు ఏడ కనిపిస్తున్నయి గిండ్ల? మొత్తం గుర్రపుడెక్కనే. సన్న లైనేస్తే చేప ఆకుల్లకు పోతది, లైను కోసుకుంటది. ఆరున్నర అడుగులది, గట్టిది ఇద్దాం. లైను మందంది. దూరం పడకుంటే పడకపాయె, పడ్డది ఒడ్డుకన్నా రావాలె గద."

ఆమె అదే వాళ్లకు రాసింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఎనిమిదేళ్లుగా అంతే. రాసేది ఆమె, ఎంచేది అతను. కొన్నవాళ్లెవరికీ అతని పేరు తెలియదు.

రీలు బిగించి, పిడి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల ఇసుక నలిగిన చప్పుడేమీ లేదు. ఖాళీ రీలు మీద మొదట నాలుగు చుట్లు నైలాన్ దారం చుట్టాడు. అల్లిక లైను నేరుగా చుడితే నున్నటి లోహం మీద మొత్తం చుట్టు జారుతుంది, రీలు చెడిపోయిందనుకుంటారు. ఆ పైన అసలు లైను, తడిగుడ్డలోంచి బిగువుగా.

చివరి పరీక్ష పెదవితో. మొదటి పది గజాల లైనును కింది పెదవి మీదుగా మెల్లగా లాగుతాడు. ఎనిమిది పోగుల అల్లికలో ఒక్క పోగు తెగినా అక్కడ గరుకు తగులుతుంది. వేళ్లకు తెలియదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లు డ్రమ్ములు కడిగిన వేళ్లు అవి. చర్మం గోరులా గట్టిపడిపోయింది. పెదవి మాత్రం మిగిలింది. అతను అలా చేస్తుండగా మొదటిసారి చూసి నిహారిక హడలిపోయింది. "రాములన్నా, ఎంగిలి! ఎవరన్న వీడియో తీస్తే దుకాణం బంద్!" అంది. అప్పటినుంచీ లైనును పెదవి మీదుగా లాగాక స్పిరిట్ గుడ్డతో తుడవడం కూడా పనిలో చేరింది.

ఐదో సెట్టు లైను పెదవి మీద నుంచి సాగింది. చిన్నరాములు కళ్లు మూసుకున్నాడు. గోడ మీదుగా సాగినట్టుంది.

ఇరవై రోజుల కిందట పెదవి ఎడమ మూల మొద్దుబారింది. తంబాకు మానేసినందుకేమో అనుకున్నాడు. లైనును కుడివైపుకి మార్చుకున్నాడు. మొన్నటినుంచి కుడివైపు కూడా సందేహంగానే ఉంది. పోయిన వారం జహీరాబాద్ నుంచి శివకుమార్ అనే బడి పంతులు తెగిన లైను ఫోటో పంపాడు. కొస దూదిలా విచ్చుకుని ఉంది. పెద్ద చేప, గాలం నోట్లో పెట్టుకునే పోయిందని రాశాడు. నిహారిక కొత్త లైను పంపి ఊరుకుంది. చిన్నరాములు మాత్రం ఆ ఫోటో మళ్లీ అడిగి చూశాడు. తెగింది మొదటి పది గజాల్లోపలే.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే టేబుల్ పోతుంది. కంపెనీ పని పోయాక రెండేళ్లు కందిలో ఇంట్లోనే ఉన్నాడు. భార్య ఇందిరమ్మ పొద్దున్నే కాలేజీ క్యాంటీన్‌లో పనికి వెళ్లేది. ఆమె వెళ్తూ గొళ్లెం నెమ్మదిగా వేసేది, అతను నిద్రలో ఉన్నాడనుకుని. అతను మేలుకునే ఉండేవాడు. ఆమె వచ్చేదాకా కప్పు రేకుల గీతలు చూస్తూ పడుకునేవాడు. మళ్లీ ఆ గీతలు చూడాలని లేదు.

మధ్యాహ్నానికి పదకొండు సెట్లయ్యాయి. ప్యాకింగ్ చేసే ఆలంబీ వాటిని పెట్టెల్లో పెట్టి టేపు వేసేసింది. ఇద్దరూ మెట్టు మీద కూర్చుని డబ్బాలు తెరిచారు.

"ఒక్క ముక్క తిను భాయ్," ఆలంబీ వేయించిన చేప ముక్కను మూత మీద పెట్టి జరిపింది. "చేపల పేరు చెప్పుకోని బతుకుతున్నవ్, చేప తినవ్. గునా తగుల్తది."

"చిన్నప్పుడు ముల్లు ఇర్కింది గొంతుల. అప్పటిసంది వాటికీ నాకూ దోస్తీ లేదు."

"అందుకే పగ తీర్చుకుంటున్నవన్నట్టు!" ఆమె నవ్వి, అంతలోనే ఆగిపోయింది. "భాయ్, మూతికి రక్తం."

చిన్నరాములు ముంజేత్తో తుడుచుకున్నాడు. ఎర్రగా అంటింది. జొన్నరొట్టెతో పాటు పెదవినీ కొరుక్కున్నాడు. రొట్టె మీద కూడా మరక ఉంది.

"పన్ను తాకింది."

"గింత రక్తం కారంగ తెల్వలేదా?"

"కారం తిన్న నోరు. ఏం తెలుస్తది."

ఆలంబీ పెళ్లికాక ముందునుంచీ పూసలు కుట్టే మగ్గం పని చేసిన మనిషి, చూపు పదును. చేతులు కడుక్కుని, రెండు జానల లైను ముక్క తీసుకుని అతని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"కండ్లు మూస్కో."

"ఎందుకు?"

"మూస్కో అంటే మూస్కో. పెండ్లికొడుకు లెక్క సిగ్గేంది?"

మూసుకున్నాడు. రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

"తాకిందా?"

"తాకింది."

"ఎటుదిక్కు?"

కాస్త ఆలోచించాడు. "కుడి దిక్కు."

"కండ్లు తెరువు."

ఆమె టేబుల్‌కి అవతల నిలబడి ఉంది. లైను ముక్క ఆమె వేలికి చుట్టి ఉంది. అసలు చెయ్యే ఎత్తలేదు.

చిన్నరాములు దూది డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"ఎన్ని దినాలాయె?"

"ఇరవై."

"ఇందిరమ్మకు తెల్సా?"

"దానికి చెప్తే దవాఖాన అంటది."

"మేడంకు?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆలంబీ కొంగు సర్దుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే. మిగిలిన పదమూడు నేను చూస్త. నేర్పు. ఎవ్వరికీ చెప్ప. మరి పొద్దుగాలయి?"

టేపు వేసిన పదకొండు పెట్టెలు షట్టర్ దగ్గర వరసగా ఉన్నాయి. పచ్చని చేప పదకొండు సార్లు నోరు తెరుచుకుని ఉంది. బాగానే ఉన్నాయని అనేస్తే అయిపోతుంది. చాలావరకు బాగానే ఉంటాయి కూడా. జహీరాబాద్ పంతులు చేప గుర్తొచ్చింది. ఇప్పటికీ ఏ ఆకుల కిందో నోట్లో ఇనుముతో మేత మేయలేక తిరుగుతుంటుంది.

కట్టర్ తీసి తనే మొదటి పెట్టె టేపు కోశాడు.

"నేను ఎంగిలి చేసిన లైను, నువ్వెట్ల పెట్టుకుంటవ్?" అన్నాడు లైను తీస్తూ, మొహం అటు తిప్పుకుని.

"స్పిరిట్‌తోని తుడిస్తే సాఫ్. ఎనిమిదేండ్ల సంది కస్టమర్లకు తినిపిస్తున్నవ్ గద, నాకొచ్చిందా రోగం?" లైను పెదవికి ఆనించుకుని, "థూ! వేపాకు నయం," అంది.

"గట్టిగ ఒత్తకు. వేడి చాయ్ మీద ఊదేటప్పుడు మూతి ఎట్లుంటది? గట్ల వదులుగ పెట్టు. ఊపిరి ఆపకు. నేను లాగుత."

అతను లాగాడు. ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. ఆరో పెట్టె అయ్యేసరికి ఆమె మొహంలోని వెక్కిరింత పోయి, మగ్గం ముందు కూర్చున్నప్పటి నిదానం వచ్చింది. ఎనిమిదో దాంట్లో చెయ్యెత్తింది.

"ఆగు. మల్ల ఎన్కకు."

వెనక్కి పోనిచ్చాడు.

"ఇక్కడ. పూసకు దారం గీరుకున్నట్టున్నది."

చిన్నరాములు భూతద్దం పెట్టి చూశాడు. ఎనిమిది పోగుల్లో మూడు తెగి, రోమాల్లా పైకి లేచి ఉన్నాయి. పొద్దున పదిన్నరకి ఆ లైనును పెదవి మీదుగా లాగి, తుడిచి, బాగుందని టిక్కు పెట్టింది తనే. చాలాసేపు అద్దం తీయలేదు. తర్వాత అక్కడిదాకా ఉన్న లైనంతా కోసేశాడు.

షట్టర్ బయట వ్యాన్ హారన్ మోగింది. డ్రైవర్ బాలరాజ్ లోపలికి తొంగిచూశాడు. "ఏందే, కట్టిన పెట్టెలు మల్ల ఇప్పుతున్నరు? చేపకు చూపించి అడుగుతున్నరా ఏంది, నచ్చినయా లేదా అని?"

ఆ మాటకి నిహారిక క్యాబిన్‌లోంచి బయటికి వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి, చెవి దగ్గర ఫోను. విప్పిన పెట్టెలు చూసి ఫోను దించింది. "ఏమైంది?"

"టేపు సరిగ అంటలేదు మేడం," ఆలంబీ వెంటనే అంది. "ఊడిపోతున్నది. అందుకని..."

"అబద్ధం మేడం." చిన్నరాములు లేచి నిలబడ్డాడు. చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక స్పిరిట్ గుడ్డను మడతపెట్టాడు. "టేపు మంచిగనే ఉన్నది. నా మూతికి తెలుస్తలేదు. ఇరవై దినాలాయె. పంతులుగారి తెగిన లైను నేను పాస్ చేసిందే. ఇయ్యాల గూడ ఒకటి పాస్ చేసిన. ఆలంబీ పట్టింది."

ఒక్కసారే అంత మాట్లాడటం అతనికి అలవాటు లేదు. ఆఖర్న ఊపిరి అందలేదు.

నిహారిక వ్యాన్ వంక చూసింది, అతని మొహం వంక చూసింది. "బాలరాజ్, వేరే దుకాణాల సామాను ఎత్తుకోనిరా. ఆరున్నరకు రా." తర్వాత, "రాములన్నా, కారు తీస్త. దవాఖానకు పోదాం, నడువు."

"లాట్ అయినంక."

"అయినంక కాదన్నా..."

"పదహారు ఉన్నయి మేడం. లాగుడుకు నాకు చేతులున్నయి. రేపు పొద్దుగాల ఇందిరమ్మను తోల్కోని నేనే పోత."

ఆమె క్యాబిన్ వైపు రెండడుగులు వేసి తిరిగింది. "చూపించుకోని సీదా ఇక్కడికి రావాలె. ఆలంబీకి మూతి పని వచ్చింది గని, ఏ నీళ్లకు ఏ రాడ్డో ఆమెకూ రాదు, నాకూ రాదు."

చిన్నరాములు తల ఊపాడు. కూర్చున్నాక ఆలంబీ వైపు చూడకుండా, "తొమ్మిదోది తియ్యి," అన్నాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది. తర్వాతి రీలును చెవి దగ్గర పెట్టుకుని అవసరమైన దానికన్నా ఎక్కువసేపు విన్నాడు.

వ్యాన్ వెళ్లేసరికి ఆరూ నలభై అయింది. ఇరవై నాలుగూ వెళ్లాయి. జంక్షన్‌లో షేర్ ఆటో ఎక్కి కంది చేరి, కాళ్లు కడుక్కుని అన్నం దగ్గర కూర్చున్నాక, "రేపు దవాఖానకు పోదాం, నువ్వు పని బంద్ పెట్టు," అన్నాడు. ఇందిరమ్మ గరిటె పట్టుకుని అలాగే చూసింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. సంగతంతా చెప్పించుకుంది. "ఇప్పుడే పోదాం" అంది. "పొద్దుగాల పెద్ద డాక్టర్ ఉంటడు" అన్నాడు.

పొద్దున ఆమె ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చి, తల దువ్వుకోవడానికి వెనక గదిలోకి వెళ్లింది. అతను మంచం మీద కూర్చుని గుండీలు పెట్టుకుంటున్నాడు. "ముత్తంగిల దిగి జెర మేడంకు చెప్పిపోదాం," అన్నాడు. ఆమె లోపల్నుంచి, "దవాఖాన అయినంక," అంది. జవాబు రాలేదు. జడ ముడి వేసుకుని ఆమె వచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూడో గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పెదవులు కాస్త వదులుగా, చాయ్ మీద ఊదుతున్నట్టున్నాయి. ఊపిరి మాత్రం లేదు.

షెడ్డు రెండు రోజులు తెరవలేదు. మూడో రోజు ఆలంబీ అతని టేబుల్ తుడవడానికి వచ్చింది. స్టూలు లాక్కుంది గాని కూర్చోలేదు. గుడ్డతో ఇసుక రేణువులు దులిపింది. వంగి టేబుల్ కాళ్ల పక్కల తుడుస్తుంటే, టేబుల్ లోపలివైపు మేకుకి ఏదో వేలాడుతూ కనిపించింది.

ఆ రోజు కోసేసిన లైను. చిన్నరాములు దాన్ని చెత్తబుట్టలో వేయలేదు. నాలుగు వేళ్ల మీద చుట్టి, వేళ్లు మెల్లగా బయటికి తీసి, చెదరకుండా ఒక పక్క ముడి వేశాడు. మందపు అల్లిక కాబట్టి నలగలేదు. నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ అందులో అలాగే ఉంది.