బాపు కోసం బొమ్మ రైలు

మా బాపు, అంటే మా నాన్న, బతికున్నప్పుడు ఏ మాటకూ ఒక్కసారికి ఒప్పుకున్న మనిషి కాదు. పోయాక కూడా అంతే. మూడో రోజు పిట్టకు పెడితే ముట్టలేదు. ఐదో రోజు పెట్టినా ముట్టలేదు. బొందలగడ్డలో, ఆయన్ను పూడ్చిన చోట, ఆకు పరిచి, అన్నం, కోడికూర వడ్డించి, ఆయన తాగే సీసా మూత కూడా తీసిపెట్టి దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు వచ్చి తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. మమ్మల్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయాయి. కాకి ముట్టలేదంటే పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అదేమిటో కనిపెట్టి తీర్చడం బతికున్నవాళ్ళ పని.

మా చుట్టాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో కోరిక తెలుసు. బాపుకు అన్నయ్య, మా పెద్దబాపు, కల్లు అన్నాడు. మేనత్త మాత్రం, "నాకు చీర పెడ్తనన్నడు, పెట్టకుంటనే పోయిండు, గదే ఆయన మనసుల ఉన్నది" అంది. పోయినవాడి కోరికలన్నీ అడిగేవాళ్ళకు పనికొచ్చేవే.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మాత్రం అన్నం మానేసింది. "ఆయన తినంది నేనెట్ల తింట బిడ్డా" అని చాయ్‌తో రోజులు నెట్టింది. షుగర్ గోళీలు వేసుకునే మనిషి. శుక్రవారం పొద్దున వాకిట్లో కళ్ళు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకుపోయాం. సెలైన్ ఎక్కించిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈమెకు అన్నం పెట్టకుండా మళ్ళీ నా దగ్గరికి తీసుకొస్తే ఊరుకోనని నన్ను తిట్టాడు. ఆయనకేం, తిట్టి పోయాడు. తినాల్సింది అవ్వ, అంతకంటే ముందు కాకి.

ఇంటికొచ్చాక అవ్వ అసలు సంగతి చెప్పింది.

"మీ బాపు రైలు అడిగిండు."

"రైలెక్కుతా అన్నడా?"

"ఎక్కుడు కాదు. బొమ్మ రైలు. ఏదో దుకాణంల పట్టాల మీద గుండ్రంగ తిరుగుతుంటె నిలవడి చూసిండట. మనింట్ల గుడ ఒకటి తెచ్చుకుందామె అన్నడు. పండ్లూడినంక నీకు బొమ్మలేందయ్యా అని నవ్విన. అందరి ముందట నవ్విన. మల్ల ఎన్నడు అడుగలే." అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా మీద కోపంతోనే పోయిండు బిడ్డా."

బాపు లారీ డ్రైవరు. మానుకోట నుంచి మిర్చి, భూపాలపల్లి నుంచి బొగ్గు తోలేవాడు. మానుకోట అంటే కాగితాల మీద మహబూబాబాద్. బతుకులో సగం రైలు గేట్ల దగ్గర ఆగి తిట్టుకున్న మనిషికి బొమ్మ రైలు మీద మనసెందుకు పోయిందో నాకర్థం కాలేదు. ఆ దుకాణం ఏ ఊళ్ళో ఉందని అడిగితే, "మానుకోటో, భూపాలపల్లో, గీ జనగామనో, నాకేమెరుక" అంది అవ్వ.

నేను బడిలో సైన్స్ చెబుతాను. కాకి ఆకలికీ బాపు మనసుకూ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ కాకి ఆకలికీ అవ్వ ఆకలికీ సంబంధం వచ్చిపడింది కదా. ఆదివారం పెద్దదినం, పిట్టకు పెట్టే ఆఖరి రోజు. చేతిలో ఉన్నది శనివారం ఒక్కటే.

మా ఆయన హరీశ్ కారు తీస్తానన్నాడు. అడగకుండా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఊరూరా హోటళ్ళు తెలిసిన మనిషి ఆయన. "రైలొక్కటే ఏంది, మామ ఎక్కడెక్కడ ఏమేం తినేటోడో గవి గుడ తెద్దాం. ఏదో ఒకటి ముడ్తది" అన్నాడు. మాట సబబుగానే ఉంది. చెప్పినవాడి కడుపులో ఏముందో అప్పుడు తెలియలేదు.

మా జనగామ బొమ్మల దుకాణాలతో మొదలుపెట్టాం. మొదటి దుకాణంలో రైలు ఉందన్నారు. తెచ్చి చూపిస్తే పెన్సిళ్ళు పెట్టుకునే డబ్బా. రెండోదాంట్లో తాడు కట్టి ఈడ్చే రైలు, దానికి కళ్ళు, మూతి, ఎర్రటి నాలుక. పట్టాల మీద తిరిగేది కావాలంటే దుకాణదారు నన్ను జాలిగా చూశాడు.

"రైళ్ళు ఎవ్వలు కొంటలేరక్కా. పోరగాండ్లు జేసీబీలే అడుగుతున్నరు. జేసీబీ తీస్కపో, మన్ను గుడ తవ్వుతది."

బొందలగడ్డలో జేసీబీ! నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. మండింది. హరీశ్ ఫోన్‌లో వెతికి, ఊరి చివర మోడల్ రైళ్ళు అమ్మే షాపొకటి ఉందని తీసుకుపోయాడు. బోర్డు ఉంది గానీ లోపల టైల్స్ అమ్ముతున్నారు. బాపు ఇష్టంగా తినే మిరపకాయ బజ్జీల బండి కోసం బస్టాండ్ దగ్గరికి పోతే, అక్కడ మొమోలు ఉడికిస్తున్నారు. హరీశ్ ఒక ప్లేటు తిన్నాడు. "ఎట్లుంటయో చూద్దామని" అన్నాడు.

దేవరుప్పుల, పాలకుర్తి, తొర్రూరు దాటుకుని మానుకోట చేరేసరికి మధ్యాహ్నమైంది. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. వ్రతమేమీ కాదు, అవ్వ ముఖం గుర్తొస్తే ముద్ద దిగేట్టు లేదు. ఊళ్ళోకి పోతుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి, ఎంతకూ తోక కనిపించదు.

"గదిగో రైలు. ఎన్ని డబ్బాలు కావాల్నో తెంపుకో" అన్నాడు హరీశ్.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడినా ఆయన్ను ఆ గేటు దగ్గరే దింపేసి వస్తానని నాకు తెలుసు.

స్టేషన్ రోడ్డులో శోభారాణి అనే ఆమె దుకాణం. బొమ్మలు, గాజులు, పుట్టినరోజు టోపీలు అన్నీ అమ్ముతుంది. రైలనగానే ఆమె ముఖం వెలిగింది. "గీ షోకేసు అద్దాల్ల తిరుగుతుండెనమ్మా! సొరంగం, స్టేషను, చెట్లు, అన్ని ఉండె. వచ్చినోళ్ళందరు నిలవడి చూసేటోళ్ళు."

దుకాణం దొరికిందని నా ప్రాణం లేచొచ్చింది. "ఏదమ్మా? ఎంతైనా ఇస్త."

"అమ్మినం కద. మొన్న దసరాకే వోయింది."

"ఇంకోటి లేదా?"

"నా దగ్గర లేదు. మా తమ్మునికి భూపాలపల్లిల దుకాణం ఉన్నది. వాని దగ్గర ఒకటి ఉండాలె. పోనుజేస్త ఉండు." ఫోన్ చేసింది. అవతల తమ్ముడు ఉందన్నాడు. రైలెక్కాలంటే వరంగల్ దాకా పోవాల్సిన ఊరు భూపాలపల్లి. స్టేషన్ ఉన్న రెండు ఊళ్ళలో దొరకని రైలు స్టేషనే లేని ఊళ్ళో ఉంది. మా బాపు పని ఏదైనా ఇట్లాగే ఉంటుంది.

పోతూ పోతూ బాపు తినే మెస్సు దగ్గర ఆపాం. బోటి కూరకు పేరు పడిన మెస్సు. తలుపుకు తాళం. పక్కనున్న పాన్ డబ్బా ఆయన, "శనారం కదమ్మా, ఆయన నీసు ముట్టడు, మెస్సు తెరువడు" అన్నాడు. వారమంతా మేకల పేగులు కడిగే మనిషికి శనివారం నియమం! పోయినవాడి నియమాలు, అవ్వ నియమాలు, ఇప్పుడు ఈయన నియమాలు. అందరి నియమాలూ కలిసి నా నెత్తి మీదే పడ్డాయి.

భూపాలపల్లిలో రైలు నిజంగానే ఉంది. అట్టపెట్టె ఎండకు వెలిసిపోయింది, లోపల పట్టాలు, ఇంజను, మూడు డబ్బాలు బాగున్నాయి. దుకాణదారు పట్టాలు గుండ్రంగా బిగించి, బ్యాటరీలు వేసి వదిలితే కూ అంటూ తిరిగింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఎందుకో తెలియదు, లేవబుద్ధి కాలేదు. లారీ ఆపుకుని, మసి బట్టలతో, మా బాపు కూడా ఇట్లాగే చూసి ఉంటాడు. ఆ పూటలో నాకు కోపం లేని కాసేపు అదే.

"బటన్ జర గడబడున్నది అక్కా" అన్నాడు దుకాణదారు. "నడవనైతే నడుస్తది. ఆపాలంటే కింద స్క్రూ తీసి బ్యాటరీ గుంజాలె."

ఆపే అవసరం ఏముంటుందిలే అనుకున్నాను.

రైలు పట్టుకుని, ఊరి బయట రామి అనే ఆమె నడిపే ధాబాకు పోయాను. హరీశ్‌ను ముందే అక్కడ దింపి, తలకాయ కూర పొట్లం కట్టించమని చెప్పాను. భూపాలపల్లి ట్రిప్పు వేసినప్పుడల్లా బాపు ఆ కూర గురించి ఇంటికొచ్చి చెప్పేవాడు. పోయి చూస్తే హరీశ్ బల్ల ముందు కూర్చుని ఎముక చప్పరిస్తున్నాడు.

"పొట్లమేది?"

"గిదే. ఒక్కటే ప్లేటు మిగిలెనట. మామకు పెట్టేది కద, మంచిగున్నదో లేదో అని జర నాలికె మీద ఏసుకున్న..."

పిట్టకు పెట్టేది ఎవరూ ఎంగిలి చేయకూడదు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రామి పొయ్యి దగ్గర నుంచి వచ్చి, సంగతి విని, తల పట్టుకుంది. "దినానికని చెప్పకపోతివి కదనే అన్నా! చెప్తె నా ఇంట్ల దాసుకున్నదైన ఇద్దును. ఇగ పొద్దుగాల్నే వండుత."

పొద్దున్నే మేము జనగామలో ఉండాలి. నేను అక్కడే, తినేవాళ్ళందరి ముందూ, హరీశ్‌ను కడిగేశాను. "రుచి చూసిండట! ప్లేటు నాకినవు! మా అవ్వ ఆడ తిండిలేక పడిపోతాంటె, ఊరికో ప్లేటు మింగుతవా? నువ్వు చచ్చినంక నీకు ఏం పెట్టినా కాకి ముట్టదయ్యా, నువ్వే అన్ని తిని పోతవు!"

హరీశ్ చెయ్యి కడుక్కుని వచ్చి కారు ఎక్కాడు.

ఆదివారం పొద్దున్నే అవ్వకు రైలు చూపించాను. ఇంజను మీద చెయ్యి వేసి నిమిరింది. "గిదేనా? గింతేనా?" అంది. అవ్వను ఒక పక్క నేను, ఇంకో పక్క మేనత్త పట్టుకుని బొందలగడ్డకు నడిపించాం.

సమాధి ముందు ఆకు పరిచి, మేకకూర, గారెలు, అన్నం పెట్టారు. ఆకు చుట్టూ పట్టాలు బిగించి రైలు పెట్టాను. బ్యాటరీలు వేసి, స్క్రూ బిగించి వదిలాను. కూ అంటూ బయలుదేరింది. అందరం తుమ్మచెట్టు దాకా వెనక్కి జరిగాం. చుట్టాలు ఎప్పటిలాగే మొక్కులు మొదలుపెట్టారు. "తమ్మీ, లచ్చమ్మను మంచిగ చూసుకుంటం, ముట్టు" అన్నాడు పెద్దబాపు అవ్వ వైపు చెయ్యి చూపిస్తూ. "అన్నా, నాకు చీర గీర వద్దే, ముట్టు" అంది మేనత్త.

కాకులు వచ్చాయి. ఎప్పుడూ రానన్ని వచ్చాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒకటి కిందికి వాలి, రెండడుగులు గెంతి, ఆకు దగ్గరికి పోయింది. సరిగ్గా అప్పుడే రైలు అటు తిరిగి కూ అంది. కాకి ఎగిరిపోయింది. ఇంకోటి వాలింది. రైలు మళ్ళీ కూ అంది. అదీ ఎగిరిపోయింది.

"రైలు బందు వెట్టుండ్రి!" అన్నాడు పెద్దబాపు.

నేను పరుగెత్తి బటన్ నొక్కాను. ఆగలేదు. ఇంజను చేతిలోకి తీసుకుంటే చక్రాలు గాల్లో తిరుగుతూ నా అరచేతిలోనే కూ కూ అంటోంది. స్క్రూ డ్రైవర్ ఎవరి దగ్గరా లేదు. తాళంచెవితో తిప్పితే నా గోరు విరిగింది. హరీశ్ లాక్కుని నేలకేసి కొట్టాడు, అయినా కూ అంది. చివరికి పెద్దబాపు తువ్వాల చుట్టి, దాని మీద కూర్చున్నాడు. ఆయన కింద నుంచి సన్నగా కూత వస్తూనే ఉంది. తల ఎత్తి చూస్తే తీగ మీద ఒక్క కాకి లేదు.

ఊరూరూ తిరిగి నేను తెచ్చిన రైలే కాకుల్ని తరిమింది. అవ్వ ముఖం చూడడానికి భయమేసింది.

అవ్వ మేనత్త చెయ్యి విడిపించుకుంది. ఊగుతూనే సమాధి దగ్గరికి నడిచింది.

"ఇగో, ఇనవడ్తుందా?" అంది. గొంతు లేదు గానీ ఆ మాట అందరికీ వినిపించింది. "నవ్విన. తప్పే. పిల్ల మూడూళ్ళు తిరిగి నీ రైలు తెచ్చింది. ఇంక కోపముంటే ఉంచుకో. బతికినన్ని రోజులు నువ్వు లారీ దిగొచ్చి తిన్నంకనే తిన్న. నువ్వు రాకుంటె ఉపాసమే పండిన. ఇగ ఉండ. నాకు ఆకలైతాంది."

ఆకుల కట్టలోంచి ఇంకో ఆకు లాగి, సమాధి పక్కనే నేల మీద పరుచుకుని కూర్చుంది.

"లచ్చమ్మా, పిట్ట ముట్టలే ఇంక!" అని పెద్దబాపు లేచి నిలబడ్డాడు.

"పిట్టకు ఆకలైనప్పుడు పిట్ట తింటది బావా. నాకు గిప్పుడైంది." నా వైపు చూసింది. "ఏం చూస్తున్నవే, ఇంత అన్నం వెయ్యి."

అన్నం పెట్టి, కూర వేశాను. అవ్వ కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. రెండో ముద్ద కలుపుతుంటే నేనూ పక్కనే కూలబడ్డాను. అవ్వ ఆ ముద్ద నా నోట్లో పెట్టింది.

వెనక, బాపు ఆకు దగ్గర, రెక్కల చప్పుడైంది. చుట్టాలందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. అవ్వ తిరగలేదు. ఇంకాస్త కూర వెయ్యమని ఆకు చూపించింది.