కళ్లు తెరిచిన ఫొటో

బేసిన్ నీళ్లలో ట్యూబును మెల్లగా తిప్పుతూ పంచర్ బాబాయి బుడగ కోసం చూస్తున్నాడు. బుడగ రావడం లేదు. వచ్చినా చూసేలా లేడు. కళ్లు నీళ్ల మీదే ఉన్నా చెవులు వెనకే ఉన్నాయి. వెనక, మెట్ల కింద నీడలో, పాత కారు టైరొకటి అడ్డంగా పరిచి ఉంది. దాని మధ్యలో దుప్పటి మడత మీద కూర్చుని మనవరాలు బిస్కెట్టును బోసి చిగుళ్లతో అరగదీస్తోంది. దానికి ఇంకా ఏడాది నిండలేదు. కాగితాల్లో దానికి రెండు మాటల పెద్ద పేరుంది గాని, వీధి వీధంతా బుడంకాయ అనే పిలుస్తుంది.

"నాన్నా, ఇంకా ఆ ట్యూబేనా? ఆఫీసు తెరిచే వేళయింది. లైను పెరిగిపోతుంది."

"అయిపోయిందమ్మా. ఈ ఒక్క పంచరూ."

"ఇందాక కూడా ఇదే మాటన్నావు."

కూతురు నిన్ననే బస్సు దిగింది. దూరపు ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలో ఆమెకూ అల్లుడికీ ఉద్యోగాలు. ఒకరు పగలు వెళ్తే ఒకరు రాత్రి. ఉన్నది ఒకే గది, పిల్లను చూసే దిక్కు లేదు. అందుకే బుడంకాయకు మెడ నిలబడగానే తెచ్చి తండ్రి చేతిలో పెట్టి వెళ్లింది. ఇప్పుడు ఫ్యాక్టరీవాళ్లే పనివాళ్ల పిల్లల కోసం ఒక గది తెరిచారు. అందులో చేర్చుకోవాలంటే పిల్లకు ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉండాలి, కనీసం దరఖాస్తు పెట్టినట్టు రసీదైనా ఉండాలి. సాయంత్రం బస్సుకు ఆమె వెళ్లిపోవాలి. రసీదు చేతికొస్తే బుడంకాయ తల్లితో వెళ్తుంది. రాకపోతే ఆ గదిలో చోటు ఇంకొకరి పిల్లకు ఇచ్చేస్తారు, బుడంకాయ ఈ టైరులోనే ఉంటుంది.

బాబాయి ట్యూబును గట్టున పడేసి, చేతులు మసిగుడ్డకు తుడుచుకుని, పిల్లను ఎత్తుకున్నాడు. కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తొడుక్కుంటూ పనిముట్ల పెట్టెలోంచి అరిగిపోయిన ఫ్రీవీల్ తీసి జేబులో వేసుకున్నాడు. సైకిల్ వెనక చక్రానికి ఉండే ఆ పళ్ల బిళ్ల ఏ బండికీ పనికిరాదు. కిరసనాయిలుతో కడిగి తళతళలాడేలా ఉంచుకున్నాడు. ఒక వైపు తిప్పితే టికటికటిక అంటుంది. బుడంకాయ ఏ మూల ఉన్నా ఆ చప్పుడు వింటే చాలు, ఏడుపు ఆపి తల తిప్పి చూస్తుంది. దాన్ని ఎత్తుకుని ఎక్కడికి వెళ్లినా అది అతని జేబులో ఉండాల్సిందే.

ఆఫీసుకు వెళ్తే తండ్రీకూతుళ్లకు చుక్కలు కనిపించాయి. మొదటి కిటికీ దగ్గర ఉన్నాయన కాగితం అందుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, వెనక్కి తోసేశాడు.

"నీలం సిరాతో రాశారు. నల్ల సిరా ఉండాలి."

"అక్షరాలవేగా బాబూ? రంగులో ఏముంది?"

"అది నన్నడక్కండి. తర్వాత ఎవరు?"

కూతురు పరుగెత్తి నల్ల పెన్ను కొనుక్కొచ్చి, బల్ల మూల మీద ఒంగి మళ్లీ మొదటినుంచీ రాసింది. అది పట్టుకుని వెళ్తే తల్లి కార్డు జిరాక్సు కావాలన్నాడు. జిరాక్సు తెస్తే రెండు వైపులూ ఒకే పేజీలో ఉండాలన్నాడు. ఆ ముక్క మొదటే చెప్పి ఏడవొచ్చుగా! బాబాయికి ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా పంచర్లు వేస్తున్నాడు. ముల్లు ఒకచోట గుచ్చుకుందని, బండి తెచ్చినవాణ్ణి నాలుగుసార్లు ఇంటికి పంపిన పాపాన పోలేదు. ఆ ముక్క కిటికీ ఆయన ముఖానే అనేద్దామని నోటిదాకా వచ్చింది. కూతురు మోచేయి పట్టుకుని ఆపింది.

"ఊరుకో నాన్నా. ఆయనకు కోపమొస్తే మన కాగితం అడుక్కి పోతుంది."

అన్నీ సరిపెట్టుకుని రెండో కిటికీ దగ్గర నిలబడితే, వాచ్‌మన్ వచ్చి సర్వర్ పోయిందన్నాడు.

"ఎక్కడికి పోయింది? ఎప్పుడొస్తుంది?" అన్నాడు బాబాయి.

"మాకు చెప్పి పోతుందా పెద్దాయనా?"

సర్వర్ వచ్చేసరికి భోజనాల వేళయింది. ఇనుప తలుపు సగం లాగేశారు. బెంచీ మీద ఉసూరుమంటూ కూలబడి, కూతురు గోళ్లు కొరుక్కుంటూ గోడ గడియారం వైపే చూస్తోంది. చిన్నప్పుడూ అంతే, పరీక్ష ఫలితాలొచ్చే రోజు ఇలాగే కొరికేది. తల్లి పోయేనాటికి దానికి నడకైనా సరిగా రాలేదు. ఆ మెట్ల కిందే, ఆ టైరులోనే పెరిగింది. వీధిలో ఆడవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకో బాబాయ్ అని పోరుపెట్టేవాళ్లు. అతను పంపు కొడుతూ వినిపించనట్టు ఉండేవాడు. ఆ చేతులు అలవాటైన పని మరిచిపోలేదు. అందుకే బుడంకాయ వచ్చి పడగానే, అటక మీది టైరు దించి దులిపి, దుప్పటి పరిచేశాడు.

"ఈ వేళ కాదేమోనే తల్లీ," అన్నాడు.

"కావాలి నాన్నా. మళ్లీ సెలవు ఎప్పుడిస్తారో ఏమో."

అవునన్నట్టు అతనూ తల ఊపాడు. కానీ కాగితం వెనక్కి వచ్చినప్పుడల్లా, పైకి ఎంత చిర్రెత్తినా, లోపల ఎక్కడో ఒక మూల హాయిగా ఉంటోంది. ఆ సంగతి అప్పుడే కనిపెట్టాడు. కనిపెట్టాక కూతురి ముఖం చూడలేక, పిల్ల కాళ్లకు మేజోళ్లు సరిచేస్తూ కూర్చున్నాడు.

ఎట్టకేలకు ఫొటో గదిలోకి పిలిచారు. తెల్ల గుడ్డ కట్టిన గోడ ముందు కుర్చీ వేసి ఉంది. కంప్యూటర్ వెనక కూర్చున్న అమ్మాయి పొద్దున్నుంచీ పిల్లల ఏడుపులు విని విని అలిసిపోయి ఉంది.

"పాపకి వేలిముద్రలు అక్కర్లేదు, అమ్మది చాలు. ఫొటోలో మాత్రం కళ్లు తెరిచి ఉండాలి. నేరుగా ఇటు చూడాలి. ఎత్తుకున్నవాళ్ల చేతులు కనపడకూడదు."

పొద్దంతా కేరింతలు కొట్టిన బుడంకాయ సరిగ్గా అప్పుడే నిద్రపోయింది. బుగ్గ మీద తడితే ముఖం ముడుచుకుంది. తల్లి ఎత్తుకుని కుర్చీలో కూర్చునేసరికి లేచి, కళ్లు గట్టిగా మూసుకుని గుక్కపట్టింది. కంప్యూటర్ అమ్మాయి కాగితంలో ఉన్న పెద్ద పేరు పెట్టి ముద్దుగా పిలిచింది. ఆ పేరుగలవాళ్లెవరో తనకు తెలియనట్టు బుడంకాయ ఏడుస్తూనే ఉంది. సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టారు. తాళాలగుత్తి ఊపారు. వాచ్‌మన్ తలుపు సందులోంచి పిల్లిలా అరిచాడు. ఒక ఫొటోలో నోరే ఉంది, ఇంకోదాంట్లో చెవి. తల ప్రాణం తోకకొచ్చింది అందరికీ.

బాబాయి కెమెరా పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి జేబులో ఉంది. వేళ్లకు ఫ్రీవీల్ పళ్లు తగులుతున్నాయి. ఒక్కసారి తిప్పితే అయిపోతుంది. తిప్పలేదు. నేనేం చెడగొట్టలేదుగా, అనుకున్నాడు. వాళ్ల సిరా, వాళ్ల సర్వర్, వాళ్ల కెమెరా. పిల్ల చూడకపోతే నా తప్పా?

"ఇలా లాభం లేదండీ. టైమైపోతోంది, రేపు రండి," అంది కంప్యూటర్ అమ్మాయి. కూతురి వైపు చూసి, కసురుకోకుండానే, "అక్కా, మీరెత్తుకుంటే మరీ ఏడుస్తోంది. వాళ్లమ్మని రమ్మనండి," అంది.

నేనే అమ్మనని కూతురు చెప్పలేదు. గింజుకుంటున్న పిల్లను రెండు చేతులా పట్టుకుని, తల వంచేసుకుంది.

పొద్దున్నుంచీ బాబాయి ఆ సిరా ఆయన మీదా, వాచ్‌మన్ మీదా పెంచుకున్న కోపమంతా వచ్చి తన మీదే పడింది. ఛీ, అనుకున్నాడు. చెయ్యి బయటికి తీశాడు.

టికటికటికటిక.

ఏడుపు ఠక్కున ఆగింది. పిల్ల తలెత్తి కళ్లు ఇంతింత చేసి చూసింది. పిల్ల ఒక్కతే కాదు, దాన్ని పట్టుకున్న తల్లి కూడా అలాగే తలెత్తింది.

"వచ్చేసింది!" అంది కంప్యూటర్ అమ్మాయి. వచ్చిన ఫొటో చక్కగా ఉంది. బుడంకాయ ఆ గదిలో ఇంకెవరూ లేనట్టు తాతవైపే చూస్తోంది. రసీదు మిషన్‌లోంచి ఒక్క నిమిషంలో జారి పడింది.

బస్సు కదిలే వేళకు పిల్ల మళ్లీ నిద్రపోయింది, ఈసారి తల్లి భుజం మీద. బాబాయి సంచులు సీటు కింద సర్ది, కిందికి దిగి, కిటికీ దగ్గర నిలబడి ఫ్రీవీల్ ఆమె చేతిలో పెట్టాడు.

"పేచీ పెట్టినప్పుడు తిప్పు. ఇటు వైపు. అటు తిప్పితే పలకదు."

"నాకు తెలుసు నాన్నా." ఆమె దాన్ని అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "పొద్దున్నుంచీ నీ జేబులోనే ఉందా ఇది?"

బాబాయి ముందుకు ఒంగి బస్సు చక్రం వైపు చూశాడు.

"వెనక టైరులో గాలి తక్కువగా ఉంది. డ్రైవరుతో చెప్పి వస్తా."

ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి, అతని చొక్కా కాలరు ఒకసారి సరిచేసింది. బస్సు వెళ్లిపోయింది.

మెట్ల కిందికి తిరిగొచ్చేసరికి పొద్దుటి ట్యూబు తాలూకు మనిషి కాచుకుని ఉన్నాడు. బాబాయి దాన్ని నీళ్లలో ముంచగానే బుడగ కనిపించింది. గరుకు కాగితంతో రుద్ది, జిగురు రాసి, అతుకు వేశాడు. గాలి కొట్టడానికి పంపు తెస్తూ, ఎప్పటిలాగే టైరుకు తగలకుండా చుట్టు తిరిగి వచ్చాడు.

"ఇవాళ బుడంకాయ కనపడదేం బాబాయ్?"

"వాళ్లమ్మ దగ్గరుంది," అన్నాడు బాబాయి. ఆ మనిషి వెళ్లిపోయాక ఇంకోసారి, ఎవరికో చెప్తున్నట్టు, "వాళ్లమ్మ దగ్గరే ఉంది," అన్నాడు.

మెట్ల కింద, టైరు మధ్యలో దుప్పటి పిల్ల కూర్చున్నంత మేరా గుంటలా అణిగి ఉంది. గుంటలో సగం నాకిన బిస్కెట్టు ముక్క ఉంది.