సగం ప్లీడరు సలహా

పదహారేళ్లుగా నేను ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. విడాకుల కాగితాలు కుట్టీ కుట్టీ వేళ్లు కాయలు కాశాయి. కేసు వేసినవాళ్లు పిటిషనర్, ఎదుటివాళ్లు రెస్పాండెంట్, బిడ్డను దగ్గరుంచుకునే హక్కు కస్టడీ, రెస్పాండెంట్ రాకపోయినా ఇచ్చేసే తీర్పు ఎక్స్‌పార్టీ అని వచ్చిన ప్రతివాళ్లకూ పాఠం చెబుతాను. ఇంట్లో నన్ను సగం ప్లీడరంటారు. పైకి కసురుకున్నా, లోపల నాకది గర్వమే.

సోమవారం పొద్దున ఆఫీసు బీరువా తీస్తుంటే మా చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులు.

"అక్కా, ఆయన పాపను తీసుకెళ్లిపోయారు. కోర్టే ఇచ్చిందట!"

మరిది ఉద్యోగం పేరుతో ఏడాదిగా వేరే ఊళ్లో ఉంటున్నాడు. వారం వారం వచ్చి నవ్వుతూనే భోంచేసి వెళ్లేవాడు. నిన్న కూడా పాపకు జడ వేశాడట. పొద్దున బడికని తీసుకెళ్తూ బల్లమీద ఒక కాగితం పెట్టి వెళ్లాడు.

చెల్లెలి చేతిలోంచి ఆ కాగితం లాక్కుని చూశాను. రెస్పాండెంట్ అన్నచోట నా చెల్లెలి పేరు. విడాకులు మంజూరు, పాప కస్టడీ తండ్రికి, ఎక్స్‌పార్టీ. తీర్పిచ్చి ఇరవై ఆరు రోజులైంది. ఈ ఇరవై ఆరు రోజుల్లో ఆ మనిషి నాలుగుసార్లు వచ్చి దాని చేతి అన్నం తిన్నాడు!

"ఏడవకు. నీకు నోటీసే అందలేదు కదా? ఆ ఒక్క మాట చాలు, ఈ తీర్పు నిలవదు," అన్నాను.

నేను రెండో పేజీ తిప్పాను. 'నోటీసు రెండుసార్లు పంపగా, ప్రతివాది తీసుకొనుటకు నిరాకరించినందున, అందినట్లే భావించడమైనది.'

"నిరాకరించావా? ఎవరు చెప్పారే నీకు?"

"పోస్టాయన సంతకం పెట్టమన్నాడక్కా. నిన్నడక్కుండా దేనిమీదా సంతకం పెట్టొద్దని నువ్వే అన్నావుగా. వద్దని పంపేశాను."

"నాకో ఫోన్ చేయొచ్చుగా!"

"చిన్నచిన్న వాటికి ఆఫీసుకు ఫోన్ చేస్తే ఊరుకోనన్నావు."

అన్నాను. రెండూ నేనే అన్నాను. దాని చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాను. ఊరందరికీ పాఠం చెప్పిన నోరు, సంతకం పెట్టకపోయినా కాగితం తీసుకోవాలే అన్న ఒక్క ముక్క సొంత చెల్లెలికి చెప్పలేదు.

ప్లీడరు గారు వచ్చి అంతా విన్నారు. "తీర్పు రద్దుకు అర్జీ వేద్దాం. తీర్పు రోజు నుంచి ముప్పై రోజుల గడువు, ఇంకా నాలుగు రోజులుంది. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. కారణం మాత్రం ఉన్నదున్నట్టు రాయమ్మా," అన్నారు.

నేనే టైపు చేశాను. 'మా అక్క మాట నమ్మి నోటీసు తీసుకోలేదు.' ఆ వరుస మూడుసార్లు తప్పు కొట్టాను.

కాగితం చెల్లెలి ముందు పెట్టి పెన్ను ఇచ్చాను. అది పెన్ను పట్టుకుని, ఏడ్చి వాచిన కళ్లతో నా ముఖంలోకి చూసింది.

"ఇక్కడ పెట్టొచ్చా అక్కా?"