లడాయి చేనులో దిబ్బ

నాగూర్ మీరా దేవరాపల్లి బస్సు దిగేసరికి మంచు ఇంకా విడలేదు. చేతిలో ఇత్తడి గిన్నె, దాని మీద గుడ్డ. గిన్నెలో మలీద. రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ పోసి తనే కలుపుకొచ్చాడు. ఉన్నన్నాళ్ళూ అది భార్య జోహరాబీ పని. ఆమె పోయాక షబే బరాత్ వచ్చినా ఇల్లు కదలలేదు. చనిపోయినవాళ్ళను తలుచుకునే ఆ పండగనాడు తలుపేసుకుని పడుకునేవాడు. ఈ ఏడు రాక తప్పలేదు. దేవరాపల్లి రైతు సూర్యనారాయణ కబురు పెట్టాడు.

లడాయి చేను రోడ్డు మీంచే కనిపిస్తుంది. తాతల నాడు కుంపిణీ దండుకూ జమీందారు దండుకూ అక్కడ పోరు జరిగిందంటారు. దుక్కి దున్నినప్పుడల్లా సీసం గుండ్లు పైకి తేలతాయి. చేపలు పట్టేవాళ్ళు వాటిని ఏరుకుపోయి వలలకు కట్టుకుంటారు. చేను నడిమధ్య మోకాలెత్తు దిబ్బ ఒకటుంది. దాని కింద ఉన్నది తన ముత్తాత తండ్రి మదార్ సాహెబని నాగూర్ మీరా ఇంటి నమ్మకం. జమీందారు దండులో తుపాకీ పట్టిన మనిషి ఆయన. మొన్న పాకిస్తాన్ యుద్ధం రోజుల్లో టీ కొట్టు దగ్గర ఎవడో అడిగాడు, "మీ తాత ఏ పక్కన కొట్టుకున్నాడు సాయిబూ?" అని. "జీతం ఇచ్చినోడి పక్కన," అన్నాడు నాగూర్ మీరా, కళాయి పూస్తున్న గిన్నె మీంచి తల ఎత్తకుండా.

ఆ దిబ్బను నమ్మనివాడు ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడు ఆదం. అనకాపల్లి బజారులో బట్టల కొట్టు. మట్టికుప్ప ముందు ఫాతెహా చదవడం ఏమిటని వెక్కిరించేవాడు. అదొక్కటే అయితే నాగూర్ మీరా పట్టించుకునేవాడు కాదు. జోహరాబీ జనాజా లేచినప్పుడు ఆదం పాడెకు భుజం పట్టలేదు. విశాఖపట్నంలో సరుకు కొంటున్నాడట. ఆనాటి నుంచి అన్న తమ్ముడితో మాట్లాడలేదు. ఇకముందు మాట్లాడే ఉద్దేశమూ లేదు.

ఈ మధ్యనే చేను కొన్న సూర్యనారాయణ గట్టు మీద కండువా కప్పుకుని నిలబడి ఉన్నాడు. పాలికాపు ఎర్రయ్య దిబ్బ పక్కన గునపం పట్టుకుని ఉన్నాడు.

"వచ్చేవా సాయిబూ. కొత్త ఇంజను పెట్టేను. రేపట్నుంచి దుక్కి. చెరుకేత్తాను. దిబ్బ అడ్డంగా ఉంది."

"అది మా పెద్దాయన సమాధి బాబూ."

"నువ్వలాగంటావు. మీ ఆదమేమో అందులో ఏటీ లేదన్నాడు. మీ మనిషి ఉంటే సెప్పు, వదిలేత్తాను. లేపోతే సదును సేయించేత్తాను. ఎవరి మాట నమ్మమంటావు?"

ఆదం పేరు వినగానే నాగూర్ మీరా గిన్నె కింద పెట్టాడు. సమాధి తవ్వకూడదని ఆయనకు తెలుసు. మసీదులో ఎవరైనా వింటే ఛీ కొడతారనీ తెలుసు. కానీ ఆ బట్టలకొట్టువాడి నోరు మూయించాలి.

"తవ్వించండి," అన్నాడు.

ఎర్రయ్య కదలలేదు. "వద్దు మామా. పోనోళ్ళని లేపకూడదు."

"తవ్వమన్నాను గదేటి," అన్నాడు నాగూర్ మీరా.

ఎర్రయ్య దిబ్బకు దణ్ణం పెట్టుకుని గునపం వేశాడు. పైన గుల్ల మట్టి, కింద గట్టి ఎర్రమట్టి. గోతిలో తొడలదాకా దిగాక గునపం పక్కన పెట్టి, చేతులతో మట్టి తీయడం మొదలెట్టాడు. ముందు కాలి ఎముకలు బయటపడ్డాయి. తరువాత పక్కటెముకలు. ఆఖరున పుర్రె.

నాగూర్ మీరా గోతి అంచున కూర్చుని చూశాడు. పొద్దు ఎటుందో చూశాడు. మళ్ళీ గోతిలోకి చూశాడు. తమవాళ్ళను పెడితే తల ఉత్తరానికి, ముఖం పడమటికి ఉంటుంది. జోహరాబీని అలాగే పెట్టారు. ఇక్కడ తల దక్షిణాన ఉంది. ఎవరో పోరులో బతికి బయటపడ్డవాళ్ళు, తమ ఆచారం ప్రకారం పద్ధతిగా పెట్టి వెళ్ళిన మనిషి. మదార్ సాహెబ్ కాడు.

ఎర్రయ్య కూడా చూశాడు. వాళ్ళ నాన్నను పూడ్చినప్పుడు తల అటే పెట్టారు.

సూర్యనారాయణ ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని దూరంగానే నిలబడ్డాడు. "ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మీవోడేనా?"

కాదంటే రేపు ఈ ఎముకలు నాగలికి తగులుతాయి. జోహరాబీ ఇన్నేళ్ళూ మోకాళ్ళ మీద కూర్చున్న చోటు చెరుకు బోదె అవుతుంది. అవునంటే అబద్ధం. పండగపూట, సమాధి ముందు.

"మావోడే," అన్నాడు నాగూర్ మీరా.

"సరే, మాటంటే మాటే. సుట్టూ బారెడు వదిలీరా ఎర్రయ్యా. మీ ఆదం శుక్రవారం మా ఇంటికి బట్టలు తెత్తాడు. ఆడికి సెప్పి నవ్వుతాను."

"సెప్పకండి బాబూ."

"అదేటి? గెలిసేవు గదా."

నాగూర్ మీరా అంచున ఉన్న మట్టిని అరచేత్తో గోతిలోకి తోశాడు. సూర్యనారాయణ కాసేపు చూసి, చుట్ట వెలిగించుకుని ఇంజను షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

ఎర్రయ్య మట్టి తిరిగి గోతిలోకి లాగుతూ నెమ్మదిగా అన్నాడు. "మామా. ఈడు మావోడు."

"తెలుసు."

"మరెందుకు అబద్ధం?"

"మీవోడని సెప్తే ఈడి కోసం ఎవరొత్తారు? నువ్వొత్తావా?"

ఎర్రయ్య కొంతసేపు పారతో మట్టి ఎగదోశాడు. "నాకు తెలీదు గదేటి ఇన్నాళ్ళూ," అన్నాడు చివరికి.

"ఇప్పుడు తెలిసింది గదా. వత్తావా?"

ఎర్రయ్య దిబ్బను అరచేతులతో సర్దుతూ ఉండిపోయాడు. వస్తాననలేదు.

గిన్నె మీద గుడ్డ తీసి, దిబ్బ ముందు ఫాతెహాకు కూర్చున్నాడు. మదార్ సాహెబ్ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. జోహరాబీ పేరు చెప్పాడు. కింద ఉన్నవాడి పేరు ఆయనకే కాదు, ఇప్పుడెవరికీ తెలియదు. అరచేతులతో ముఖం తడుముకుని లేచాడు.

"ఇదిగో, తిను."

ఎర్రయ్య చేతులు పంచెకు తుడుచుకుని ముద్ద తీసుకున్నాడు. "నెయ్యి ఎక్కువైపోనాది మామా. అత్త సేత్తే ఇలాగుండేది కాదు."

"తిను ముందు. వంకలు తరవాత పెడుదువు గాని."

ఎర్రయ్య తిని, పార భుజాన వేసుకుని గంజికి వెళ్ళిపోయాడు. మంచు పూర్తిగా విడిపోయి, చేను ఈ చివర నుంచి ఆ చివరిదాకా బోసిగా కనిపించింది. మదార్ సాహెబ్ ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. దిబ్బ లేదు, ఉత్తరం లేదు, దక్షిణం లేదు. ఇన్నేళ్ళూ ఆయన మీంచే నాగళ్ళు నడిచాయి, రేపూ నడుస్తాయి. ఆ మాట చెప్పుకోవడానికి తోడబుట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడితో మాటల్లేవు.

బస్సు వేళ అవుతోంది. ఎప్పుడూ చేనుకు అడ్డంపడి రోడ్డు ఎక్కేవాడు. ఇవాళ ఒక కాలు మట్టి మీద పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. గట్టు పట్టుకుని చుట్టూ తిరిగి నడిచాడు. ఆయన రోడ్డు చేరేలోపే బస్సు వెళ్ళిపోయింది.